వస్తువు కొనే ముందు దానికి చోటు చూడండి

ఇల్లు సర్దుకోవడం గురించి ఈ శీర్షికకు వచ్చే ఉత్తరాలలో చాలావాటికి మూలం ఒకటే. అవసరం ఉందో లేదో ఆలోచించుకునే లోపలే వస్తువు ఇంటికి చేరిపోతోంది. రాయలసీమ నుంచి వచ్చిన నాలుగు ఉత్తరాలను ఈసారి ఒకచోట చేర్చి, కొంత కుదించి ప్రచురిస్తున్నాము. రాసినవారి కోరిక మేరకు పేర్లు ఇవ్వడం లేదు.

ప్రశ్న: నేను ఉపాధ్యాయురాలిని. కడపలో రెండు పడకగదుల ఇంట్లో ఐదుగురం ఉంటాము. రాత్రి పిల్లలు పడుకున్నాక ఫోను చూస్తూ ఏదో ఒకటి ఆర్డరు పెట్టేస్తుంటాను. అన్నీ రెండు మూడు వందల రూపాయల వస్తువులే: కూరగాయలు తరిగే పరికరాలు, డబ్బాలు, పిల్లల బొమ్మలు, దిండు గలీబులు. సంక్రాంతికి ఇల్లు దులిపి ఎంతో సామాను బయటికి పంపాను. ఉగాది నాటికి వంటగది సజ్జ మళ్లీ నిండిపోయింది. మా అత్తగారు ఏమీ అనరు కానీ, పార్సిలు వచ్చిన ప్రతిసారీ ఆమె ముఖం చూడలేకపోతున్నాను. నా చేతిని నేను ఎలా ఆపుకోవాలి?
— ఒక పాఠకురాలు, కడప

జవాబు: మీ ఉత్తరంలో నేను మొదట గమనించినది వేళ. బడిలో రోజంతా నిలబడి పాఠాలు చెప్పి, ఇంటికి వచ్చి వంట, పిల్లల చదువు, మరునాటి ఏర్పాట్లు ముగించుకున్న మనిషికి, రాత్రి తనకంటూ దొరికే ఆ కొద్దిసేపట్లో ఏదైనా కొనుక్కోవడం విశ్రాంతిగానే అనిపిస్తుంది. అప్పుడు మీకు కావలసినది కాస్త ఊరట. చేతికి అందేది మాత్రం అంగడి. కాబట్టి దుబారా మనిషినని మిమ్మల్ని మీరు నిందించుకోవద్దు. ఆ కాసేపటిని అమ్మేవాళ్ల చేతికి ఇవ్వకుండా చూసుకుంటే చాలు. ఫోనును పడకగదిలోకి తీసుకుపోకుండా హాల్లోనే ఛార్జింగుకు పెట్టండి. కొనుగోలు యాప్‌ల నుంచి వచ్చే నోటిఫికేషన్లను పూర్తిగా ఆపివేయండి. వీలైతే ఆ యాప్‌లను తీసివేసి, నిజంగా అవసరం పడ్డ రోజున బ్రౌజరులో తెరిచి కొనుక్కోండి. పైసా ఖర్చులేని ఈ పనులతోనే పార్సిళ్లు కొంత తగ్గుతాయి.

ఇక సంక్రాంతి శుభ్రత సంగతి. ఇల్లు దులపడం వల్ల లోపల ఉన్నది తగ్గుతుందే తప్ప, లోపలికి వచ్చేది తగ్గదు. పైగా ఇంట్లోకి వచ్చిన వస్తువును పంపించడం, దాన్ని రానివ్వకుండా ఉండడం కన్నా ఎంతో కష్టం. డేనియల్ కానమన్, జాక్ నెట్ష్, రిచర్డ్ థేలర్ అనే ముగ్గురు పరిశోధకులు 1990లో ప్రచురించిన ఒక ప్రయోగం దీనిని తేటగా చూపింది. అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయంలో ఒక తరగతిలోని సగం మందికి కాఫీ కప్పులు ఇచ్చి ఎంతకు అమ్ముతారని అడిగారు. కప్పులు అందని మిగిలిన సగం మందిని ఎంతకు కొంటారని అడిగారు. ఆ కప్పు చేతికి వచ్చి ఎంతోసేపు కాకపోయినా, అమ్మేవాళ్లు అడిగిన ధర, కొనేవాళ్లు ఇస్తామన్న ధరకు సుమారు రెట్టింపు ఉంది. మీ సజ్జ మీద వాడకుండా పడి ఉన్న డబ్బాను తీసినప్పుడల్లా 'ఎప్పుడైనా పనికొస్తుందిలే' అనిపించి మళ్లీ అక్కడే పెట్టేయడానికి కారణం ఇదే. మనది అనుకున్న క్షణం నుంచి దాని విలువ మన కంటికి పెరిగిపోతుంది. అందుకే నేను సర్దుకునే చిట్కాల కన్నా, గడప దగ్గర ఆపే పద్ధతులనే ఎక్కువగా నమ్ముతాను.

మీ చేయి ఊరికే కదలడం లేదు, దాన్ని కదిలించే ఏర్పాట్లు అవతల చాలా ఉన్నాయి. 'ఇంకా రెండే మిగిలాయి', 'ఈ ధర పది నిమిషాలే' అనే తొందరపెట్టే మాటలు, మనం వేయని వస్తువునో విరాళాన్నో చివరిలో బుట్టలో చేర్చడం, వద్దన్నవారికి సిగ్గు కలిగేలా 'నాకు పొదుపు అవసరం లేదు' అనే మీట పెట్టడం, అదనపు రుసుములను చెల్లించే క్షణం వరకు బయటపెట్టకపోవడం వంటి 13 పద్ధతులను తప్పుదోవ పట్టించేవిగా గుర్తించి, కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబరు 30న మార్గదర్శకాలు వెలువరించి వాటిని నిషేధించింది. ఇలాంటివి మీకు ఎదురైతే జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రానికి 1915 నంబరులో ఫిర్యాదు చేయవచ్చు. ఈ సంగతి తెలిసి ఉండడమే ఒక రక్షణ. తెర మీద గడియారం వెనక్కి నడుస్తున్నప్పుడు, ఆ గడియారం మీ అవసరాన్ని చూసి పెట్టినది కాదని గుర్తుంటే చాలు, వేలు కొంత నెమ్మదిస్తుంది.

డబ్బు చెల్లించడం ఎంత సులువైతే అంత ఎక్కువ కొంటాము. 2001లో ప్రచురించిన ఒక ప్రయోగంలో డ్రేజెన్ ప్రెలెక్, డంకన్ సిమెస్టర్ అనే ఇద్దరు ఆచార్యులు విద్యార్థుల మధ్య బాస్కెట్‌బాల్ ఆట టికెట్లను వేలం వేస్తే, కార్డుతో చెల్లించవలసినవాళ్లు నగదు ఇవ్వవలసినవాళ్ల కన్నా సగటున సుమారు రెట్టింపు పాడారు. మన చేతిలో ఇప్పుడు కార్డు కన్నా సులువైన మార్గాలు ఉన్నాయి. అమ్మకపు సంస్థలు కార్డు పూర్తి సంఖ్యను తమ దగ్గర ఉంచుకోకూడదన్న రిజర్వు బ్యాంకు నిబంధన 2022 అక్టోబరు 1 నుంచి అమలులో ఉన్నా, టోకెన్ రూపంలో, అంటే అసలు సంఖ్యకు బదులు వాడే మారు సంఖ్యగా, మీ కార్డు ఆ సంస్థ దగ్గరి మీ ఖాతాకు ముడిపడి ఉండవచ్చు. దాన్ని తొలగించండి. ప్రతిసారీ లేచి వెళ్లి, పర్సులో నుంచి కార్డు తీసి, అంకెలన్నీ కొట్టవలసి వస్తే, మూడు వందల రూపాయల వస్తువు కోసం రాత్రిపూట అంత శ్రమ పడాలని అనిపించదు. వస్తువు ఇంటికి వచ్చాక డబ్బిచ్చే పద్ధతి మేలని కొందరు అంటారు. మీ వంటివారికి నేను దానిని సూచించను. ఆర్డరు పెట్టే క్షణంలో చేతి నుంచి ఏమీ పోదు కనుక అది ఇంకా సులువవుతుంది.

అన్నిటికన్నా ముఖ్యమైనది ఒక చిన్న నోటు పుస్తకం. కొనాలనిపించిన వస్తువును కొనకుండా ముందు అందులో రాయండి: పేరు, ధర, తారీఖు, ఏ పనికి, ఇంట్లో ఎక్కడ పెడతాను. చిన్న వస్తువైతే వారం ఆగండి, వెయ్యి రూపాయలు దాటితే వచ్చే నెల జీతం దాకా ఆగండి. ఆ గడువు తీరాక కూడా కావాలనిపిస్తే నిశ్చింతగా కొనుక్కోండి, అది ఇక తొందరపాటు కాదు. చివరి గడి నింపడమే అన్నిటికన్నా కష్టం, అక్కడ 'సజ్జ మీద' అని రాస్తే ఆ వస్తువు మీకు అక్కర్లేదన్నమాట. మీ వంటగది అరలు బహుశా మీ జిల్లా నల్ల బండలతోనే వేసి ఉంటారు. దక్షిణాదిలో ఎన్నో ఇళ్లకు కడప బండే అర, కడప బండే వంటగట్టు. గోడలోకి దింపి కట్టిన ఆ అర పొడవు పెరగదు, దాన్నే మీ కొలతగా పెట్టుకోండి. కొత్త డబ్బా దాని మీద కూర్చోవాలంటే పాతది ఒకటి దిగాలి. సామాను సర్దడానికని కొనే స్టాండ్లు, బుట్టలు, ఒకదానిలో ఒకటి ఇమిడే పెట్టెలు కూడా సామానేనని మరచిపోవద్దు. ఇరుకైన ఇళ్లలో వాటిని నేను చాలా చూశాను, అవి వచ్చిన ఇంట్లో చోటు పెరగడం మాత్రం చూడలేదు.

పెట్టె విప్పని పార్సిలు ఇంట్లో ఉంటే, తిరిగి పంపే గడువు ఉండగానే పంపేయండి. మనసు మారినందుకు వస్తువు వెనక్కి తీసుకోవడమనేది సాధారణంగా ఆ అమ్మకందారు పెట్టుకున్న నియమం మీదే ఆధారపడి ఉంటుంది. వస్తువులో లోపం ఉంటే మాత్రం, 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం బిల్లులో చెప్పిన గడువులోగా, గడువు చెప్పకపోతే 30 రోజులలోగా, దాన్ని వెనక్కి తీసుకుని డబ్బు ఇవ్వకపోవడం అనుచిత వ్యాపార పద్ధతి అవుతుంది.

మీ అత్తగారి విషయం. ఆమె మౌనాన్ని తప్పుపట్టడంగా ఊహించుకుని బాధపడే కన్నా, వారానికి ఒకసారి ఆ పుస్తకం పట్టుకుని ఆమె దగ్గర కూర్చోండి. 'అత్తమ్మా, ఇట్లాంటిది మనింట్లో ముందే ఉందా?' అని అడగండి. ఏ వస్తువు ఏ మూల ఉందో ఇంట్లో అందరికన్నా ఎక్కువగా తెలిసినది ఆమెకే అయి ఉంటుంది.

ప్రశ్న: నేను విశ్రాంత ఉద్యోగిని. కర్నూలులో మా ఇల్లు 2009 వరదలో మునిగింది. నీళ్లు తీశాక బీరువాలోని బట్టలు, బియ్యం, పెళ్లినాటి సామాను అంతా బురదలో నుంచి ఎత్తి బయట పోశాము. అప్పటి నుంచి నా భార్య ఏది కొన్నా రెండు కొంటుంది. బకెట్లు, దుప్పట్లు, టార్చి లైట్లు, స్టీలు డబ్బాలు, ఏది చవకగా కనిపించినా 'ఉండనీ, కరువుకో కాలానికో అక్కరకొస్తుంది' అంటుంది. ఇప్పుడు ఒక గది తలుపు పూర్తిగా తెరుచుకోవడం లేదు. ఆమెను ఊరికి పంపి, ఆ సమయంలో గది ఖాళీ చేద్దామని పిల్లలు అంటున్నారు. చేయవచ్చా?
— ఒక పాఠకుడు, కర్నూలు

జవాబు: దయచేసి ఆ పని చేయవద్దు. ఒకసారి ఆమె కళ్లెదుట ఇల్లంతా బురదలో కలిసిపోయింది. తిరిగి వచ్చేసరికి గది ఖాళీగా కనిపిస్తే అదే నష్టం రెండోసారి, ఈసారి సొంత మనుషుల చేతుల మీదుగా జరిగినట్టు అవుతుంది. ఆ తరువాత ఆమె కొనడం మానరు, మీకు తెలియకుండా కొనడం మొదలుపెడతారు.

2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ నదుల నీరు కర్నూలు నగరాన్ని ముంచెత్తినప్పుడు, మేడ మీదికి ఎక్కి ప్రాణాలు దక్కించుకున్నవారు కట్టుబట్టలతో మిగిలారు. ఆ రాత్రిని చూసిన మనిషి రెండో బకెట్ కొనుక్కుంటే దానిని నేను వ్యామోహం అనలేను. అది భయం, భయానికి తగిన జవాబు భద్రత. కాబట్టి ముందు ఆమెకు నిజమైన భద్రతను కలిసి ఏర్పాటు చేయండి. ఇంటి పత్రాలు, బ్యాంకు పుస్తకాలు, వాడే మందులు, ఒక టార్చి, ఫోను ఛార్జ్ చేసే పవర్ బ్యాంకు, ఒక జత బట్టలు, రెండు మూడు రోజులకు సరిపడే అటుకులు, మరమరాలు వంటివి తడవని సంచిలో పెట్టి, మేడ మీద గాని ఎత్తైన సజ్జ మీద గాని ఉంచండి. వరద వస్తే చేత్తో పట్టుకుని మెట్లెక్కగలిగినది ఆ సంచి ఒక్కటే. కింది గదిలో ఉన్న పన్నెండు బకెట్లు కొట్టుకుపోతాయి. ఈ మాటను వాదనగా చెప్పకుండా, సంచి సర్దుతూ ఆమె చేతనే అనిపించగలిగితే సగం పని జరిగినట్టే.

'కరువుకు అక్కరకొస్తుంది' అన్న ఆమె మాటను నేను చిన్నచూపు చూడను. వాన నమ్మకం లేని సీమలో దాచుకోవడం పెద్దల వివేకం. పంట పండిన ఏడు జొన్నలు పాతరలో పోసి, పండని ఏడు తీసి తిన్నారు. అయితే ఆ దాపులో ఒక నియమం ఉంది. దాచినది తిండిగింజ, అది తినడంతో ఖర్చయ్యేది; పాతది ముందు తీసి, కొత్తది తరువాత పోసేవారు. పాతర ఎంత లోతో దాచేది అంతే. ఈ నియమాన్నే మీ గదికి తెచ్చుకోవచ్చు. సబ్బులు, పప్పులు, అగ్గిపెట్టెలు, బ్యాటరీల వంటి ఖర్చయ్యే వస్తువులు వాడుతున్నది కాక ఇంకొకటి నిలవ ఉండడం తప్పు లేదు. బకెట్టు, దుప్పటి, డబ్బా వంటివి ఏళ్ల తరబడి ఉండేవి కనుక వాటికి ఇంట్లోని మనుషుల లెక్కే హద్దు, వచ్చే బంధువుల కోసం కావాలంటే మరొకటి రెండు. ఆ హద్దు ఎంతో ఆమెనే చెప్పమనండి. ఆమె ఆరు దుప్పట్లు అంటే ఆరే ఉంచండి, నాలుగు చాలని బేరం చేయవద్దు. మిగిలినవి ఎవరికి ఇవ్వాలో కూడా ఆమే నిర్ణయించాలి. పోగొట్టుకున్న మనిషికి, తన చేతితో ఇవ్వడం పోగొట్టుకోవడంలా ఉండదు.

పిల్లలను ఒక్క గంట సహాయానికి పిలవండి, గది మొత్తం ఒకరోజులో ముగించాలని పట్టుపట్టవద్దు. తలుపు పూర్తిగా తెరుచుకునేంత చోటు వస్తే మొదటిరోజుకు అదే చాలు.

ఒక జాగ్రత్త. పనికిరాని కవర్లు, విరిగిన సామాను కూడా వదలలేకపోవడం, ఎవరైనా తాకితే తీవ్రంగా ఆందోళన చెందడం, నిద్ర పట్టకపోవడం ఉంటే అది సలహాలతో తీరేది కాదు. వస్తువులను వదలలేక పోగుచేసుకోవడాన్ని 2013 నుంచి మానసిక వైద్యంలో ఒక ప్రత్యేక రుగ్మతగా గుర్తిస్తున్నారు, దానికి చికిత్స ఉంది. కేంద్ర ప్రభుత్వం 2022లో ప్రారంభించిన టెలి మానస్ అనే మానసిక ఆరోగ్య సహాయ సేవకు 14416 నంబరులో ఉచితంగా ఫోను చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు. మొదట మీరే చేసి, ఆమెతో ఎలా మాట్లాడాలో అడిగి తెలుసుకున్నా మంచిదే.

ప్రశ్న: అనంతపురంలో ప్రైవేటు ఉద్యోగం చేస్తున్నాను. ఆషాఢం తగ్గింపులు మొదలైతే అక్కతో కలిసి అంగళ్లకు వెళ్లి ప్రతిసారీ నాలుగైదు చీరలు తెచ్చుకుంటాను. సగం చీరలకు జాకెట్లు కూడా కుట్టించలేదు. అయినా తగ్గింపు వదులుకుంటే నష్టపోయినట్టు ఉంటుంది. ఈ మధ్య కార్డు మీద వడ్డీ లేని కంతులు అంటున్నారు, అది నిజమేనా?
— ఒక పాఠకురాలు, అనంతపురం

జవాబు: ఆషాఢంలో పెళ్లిళ్లు, గృహప్రవేశాలు జరగవు. అంగళ్లలో బేరాలు మందగించే నెల అది. శ్రావణానికి కొత్త సరుకు దించాలంటే పాత సరుకు కదలాలి, అందుకే తగ్గింపు. అంటే ఆ అవసరం అంగడిది. ఒకటి కొంటే రెండు ఉచితమన్నప్పుడు మీ బీరువాలో చేరేవి మూడు, వాటికి కుట్టించవలసిన జాకెట్లు మూడు, అతికించవలసిన ఫాల్స్ మూడు. కుట్టుకూలి కూడా కలిపి లెక్క వేసుకుంటే చవక అనుకున్నది ఎంతకు పడిందో తెలుస్తుంది. కనుక అంగడికి బయలుదేరే ముందు మీకు ఒకే నియమం సూచిస్తాను: జాకెట్టు లేని చీర బీరువాలో ఒక్కటి ఉన్నా కొత్త చీర కొనరాదు. అక్కతో వెళ్లండి, చూడండి, ఆమెకు ఎంపికలో సాయం చేయండి, కార్డు మాత్రం ఇంట్లో పెట్టి వెళ్లండి.

పట్టు చీర అయితే మరొక మాట. దానిని కొనడంతో పని తీరదు. కొన్ని నెలలకొకసారి తీసి మడతలు మార్చకపోతే జరీ మడత దగ్గర విరుగుతుంది. నూలు గుడ్డలో చుట్టాలి. వానాకాలం పోయాక నీడలో గాలికి ఆరబెట్టాలి. ఇంతటి సేవ ఎన్ని చీరలకు చేయగలరో అన్ని చీరలే మీవి. మీకు ధర్మవరం దగ్గర. తగ్గింపు చీరల మీద పెట్టే డబ్బును పక్కన పెట్టి, ఒక శుభకార్యం నిశ్చయమైనప్పుడు అక్కడికి వెళ్లి, అసలు పట్టేనని తెలిపేందుకు కేంద్ర పట్టు మండలి 2004లో తెచ్చిన సిల్క్ మార్క్ చీటీ చూసి ఒక్క చీర కొనుక్కుంటే, ఆ చీరను మీరు కట్టుకుంటారు, నేసిన చేతికీ నాలుగు రూపాయలు అందుతాయి. నాకు చేనేత మీద ఉన్న అభిమానం వల్ల ఈ సలహా ఇస్తున్నానని అనుకున్నా ఫరవాలేదు.

కంతుల విషయానికి వస్తే, వడ్డీ సున్నా అనేది అసలు లేదని రిజర్వు బ్యాంకు 2013లోనే బ్యాంకులకు స్పష్టం చేసింది. ఆ వడ్డీ ప్రాసెసింగ్ రుసుములో దాగి ఉండవచ్చు, లేదా రొక్కానికి కొనేవారికి ఇచ్చే తగ్గింపు మీకు ఇవ్వకపోవడంలో ఉండవచ్చు. వడ్డీ భాగం మీద 18 శాతం జీఎస్టీ వేరు. కొనే ముందు, రొక్కం ఇస్తే ఎంతని అడగండి. ఆ ధరకూ కంతులన్నీ కలిపిన మొత్తానికీ తేడా ఎంతో కాగితం మీద వేసుకోండి. చీర కోసం మాత్రం కంతు కట్టవద్దని నా గట్టి అభిప్రాయం.

ప్రశ్న: మా ఇంట్లో పేరుకుపోయేవి మేము కొన్నవి కావు. పేరంటాలలో, గృహప్రవేశాలలో ఇచ్చే జాకెట్టు ముక్కలు, ప్లాస్టిక్ బుట్టలు, కుంకుమ భరిణెలు. మేమూ ఇవ్వాలి కదా అని ముందే డజన్ల లెక్కన కొని పెట్టుకుంటాము. కాదనలేము, పారేయలేము. ఏమి చేయాలి?
— ఒక గృహిణి, ప్రొద్దుటూరు

జవాబు: ఇచ్చినది తీసుకోవడం మర్యాద, దాన్ని మానమని చెప్పను. మీరు ఇచ్చేది మాత్రం మీ చేతిలోనే ఉంది. తాంబూలంతో పాటు పండ్లు, నానబెట్టిన శనగలు, ఇంట్లో చేసిన తీపి ఇవ్వండి. అవి ఎవరి ఇంట్లోనూ మిగలవు. ముందుగా డజన్లు కొని పెట్టడం మానేసి, పిలుపులు పూర్తయ్యాక ఎందరు వస్తారో లెక్క చూసుకుని కొనండి. వచ్చిన జాకెట్టు ముక్కలలో మీరు కుట్టించుకునేవి అప్పుడే దర్జీకి ఇచ్చి, మిగిలినవన్నీ ఒకే పెట్టెలో ఉంచండి. పాత బట్టలకు స్టీలు గిన్నెలు ఇచ్చేవారికి వేద్దామని మాత్రం అనుకోవద్దు, ఒకటి పోయి ఇంకొకటి వస్తుంది. వరలక్ష్మీ వ్రతానికి ఇంకా రోజులు ఉండగానే ఆ పెట్టె తెరిచి, ఉన్నవాటిని లెక్కపెట్టి, తక్కువ పడినన్నే అంగడి నుంచి తెచ్చుకోండి.